మూడో పిలుపు

ఏడేళ్లుగా ఏటా నేను ఎవరి పేరు మీద దీపం పెడుతున్నానో ఆ మనిషే, నా కోటుకి తగిలించే తాడు తెగిపోయిందని పదిమంది ముందు నన్ను కడిగి పారేసింది.

"దీన్ని ఎక్కడ తగిలించమంటావమ్మా, నా ముక్కుకా?" అంది కౌంటరు అవతల నుంచి. "చూస్తే చదువుకున్నదానిలా ఉన్నావు. రెండు కుట్లు వేసుకోవడం రాదూ?"

పోలండ్‌లో, తోరున్ పాత ఊళ్లో ఉన్న చిన్న నాటకాల హాలు అది. కోటు బయట అప్పగించకుండా ఎంతటి పెద్దమనిషినైనా లోపలికి పోనివ్వరు. నంబరు బిళ్ల తీసుకుని, తినాల్సిన తిట్లు తిని లోపలికి నడవాలి. నేనూ తిన్నాను. అప్పటికి ఆవిడెవరో నాకు తెలియదు. బూడిదరంగు స్వెటరు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, అరవై ఎప్పుడో దాటిన మొహం. కళ్లజోళ్ల షాపులో పని చేస్తాను కాబట్టి నేను మనిషికన్నా ముందు అద్దాలు చూస్తాను. పవర్ మారింది, ఈవిడ చూపించుకోలేదు అనుకున్నాను, అంతే.

నాటకం ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. అయిపోయాక కోటు చేతికొచ్చేసరికి తాడు కుట్టేసి ఉంది, నల్లదారంతో, ఇక జన్మలో తెగనంత గట్టిగా. థాంక్స్ చెప్పబోతే, నా వెనక నిలబడ్డ మనిషిని చూస్తూ పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. మెట్లు దిగుతున్నాను. అప్పుడు వెనక నుంచి వినిపించింది.

"అమ్మా-యీ! మఫ్లరూ!"

మొదట పైకి లేచి, మధ్యలో కాస్త చీలి, చివర్న నీళ్ల మీదుగా సాగిపోయే గొంతు. నా కాళ్లు మెట్ల మీదే ఆగిపోయాయి. ఆ గొంతు నాకు మా అమ్మ గొంతుకన్నా బాగా తెలుసు. వెనక్కి తిరిగి నోటికొచ్చింది అనేశాను.

"మీరు చనిపోయారు కదా!"

ఆవిడ మఫ్లరు పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఇవాళ కుదర్లేదమ్మా," అంది. "సాయంత్రం ఇంకో ఆట ఉంది."

ఎందుకలా అన్నానో తెలియాలంటే గేమ్ సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఇదే హాలు కింద నేలమాళిగ అద్దెకు తీసుకుని, ఐదారుగురు కుర్రాళ్లు ఒక వీడియో గేమ్ తయారుచేశారు. పేరు 'బూడిద రేవు'. ఒక మనిషి పాత్రలో మనం దూరిపోయి ఊరూరా తిరుగుతూ, ఎవర్ని నమ్మాలో ఎవర్ని వదిలెయ్యాలో మనమే తేల్చుకుంటూ నెలల తరబడి ఆడే రకం. బొమ్మలు మొరటుగా ఉండేవి. కత్తియుద్ధాలు చేస్తుంటే కంప్యూటరు పగలగొట్టాలనిపించేది. అయినా దేశమంతా ఆడింది, ఆ రేవు కోసం.

కథ కొంత నడిచాక ఒక సాయంత్రం నది ఒడ్డుకు చేరతాం. అవతలి ఒడ్డున పొగమంచులో ఒక ఆడమనిషి ఆకారం. నీళ్లలో పోయిన కొడుకును పిలుస్తుంది. "లూదె-ఏక్!" అని ఒకసారి. కాస్త ఆగి ఇంకోసారి. అంతే, మళ్లీ మర్నాటి సాయంత్రం దాకా నోరెత్తదు. మనల్ని ఏమీ చెయ్యదు, వెంటపడదు. కాని ఆ రెండు పిలుపుల తర్వాత వచ్చే నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టని వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

రెండేసార్లు ఎందుకు అని మా అభిమానుల ఫోరంలో పెద్ద యుద్ధాలే జరిగాయి. మూడోసారి పిలిస్తే నది బదులు పలుకుతుందని ఒకడు. అది ఊరి శాపమని ఇంకొకడు. రికార్డింగ్ చేసేవాడికి బస్సు టైమైపోయి ఉంటుందని మరొకడు. ఆ ఫోరం నడిపేది నేనే. తగువులు తీర్చేదీ, తీరిన తగువును మళ్లీ కెలికేదీ కూడా నేనే.

గేమ్ వచ్చిన కొన్నేళ్లకు, సమాధుల పండుగ ముందు, ఆ రేవులో ఒక మార్పు కనిపించింది. నీటి అంచున ఎర్రగాజు దీపం, మూత ఉన్నది, సమాధుల మీద పెట్టే లాంటిది. కథలో దానికి ఏ సంబంధమూ లేదు. ఎవరూ దాని ఊసెత్తరు. ఎంత వానొచ్చినా ఆరదు. మా దేశంలో రోడ్డు పక్కన అలాంటి దీపం కనిపిస్తే అక్కడ ఎవరో పోయారని వేరే చెప్పక్కర్లేదు. ఆ గొంతిచ్చిన ఆవిడ పోయిందన్నమాట అని మేమంతా తేల్చేశాం. గేమ్ చివర పేర్లలో ఆవిడవి పొడి అక్షరాలే ఉన్నాయి. చేసినవాళ్లను అడిగితే మాట దాటేశారు. ఇంకేం రుజువు కావాలి? మమ్మల్నీ అక్కడ దీపాలు పెట్టుకోనివ్వండని గోల చేశాం, వాళ్లు ఒప్పుకున్నారు. అప్పటినుంచి ప్రతి నవంబరు ఒకటిన వేలమంది ఆ రేవు చేరి ఒడ్డు పొడవునా దీపాలు పెడతాం. నేనోసారి ఏడ్చాను కూడా.

ఆవిడేమో నా మఫ్లరు పట్టుకుని నిలబడి ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రీక్వెల్ ప్రకటించారు. కంపెనీ అప్పటికి పెద్దదై వార్సాకు మకాం మార్చింది. 'బూడిద రేవు: ముందటి వేసవి' అని పేరు. అదే ఊరు, అదే నది, కాకపోతే ఆవిడ ఇంకా దయ్యం కాకముందు, కొడుకు బతికున్న రోజులు. ప్రకటన వీడియో చివర ఎండలో నది, ఒడ్డున వీపు మనవైపు పెట్టి కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లాడు. పిలుపు మాత్రం వినపడలేదు.

ఫోరం అంటుకుంది. "దయ్యానికి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తే ఇంకేం భయం? రేపు దాని బడి సర్టిఫికెట్లు కూడా చూపిస్తారు" అని 'చేపముల్లు' అనే పేరుతో రాసేవాడు. కత్తియుద్ధాలు చిన్నపిల్లల కోసం సులువు చేసేస్తారని ఇంకొకడి ఏడుపు. "పిల్లాడు పోతాడని తెలిసి ఎలా ఆడమంటారు? కాపాడనిస్తే మొదటి గేమ్ అబద్ధమవుతుంది. కాపాడనివ్వకపోతే మేం కసాయివాళ్లమవుతాం" అని గ్దాన్స్క్ నుంచి ఒక టీచరమ్మ. అన్నిటినీ మించిన అనుమానం గొంతు గురించి. "ఆవిడ పోయింది కదా. పాత రికార్డింగ్‌ను మెషీన్‌కి తినిపించి కొత్త మాటలు కక్కిస్తారు. చచ్చినవాళ్లనైనా వదలరా?" అని ఎవరో రాస్తే వందలమంది వంతపాడారు. నేను రెండు బూతులు అదనంగా చేర్చాను.

తర్వాతి వారం ఏ నాటకమో కూడా చూడకుండా టికెట్ కొన్నాను. ఆట మొదలయ్యాక హాలు బయట ఆవిడ ఒక్కతే ఉంటుంది. వెళ్లి అంతా చెప్పాను. దీపాల సంగతి చెప్పగానే ఒతీలియా జరెంబా (ఆవిడ పేరు అదని అప్పుడే తెలిసింది) కోట్ల మధ్య కూలబడి, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

"వేలమందా? నాకా? మా అత్తగారికి దీపం పెట్టడానికి నేను తప్ప దిక్కు లేకపోయింది, నాకేమో వేలమందా!"

"నవ్వకండి ఒతీలియా గారూ. మేం నిజంగా పెట్టాం."

"పెట్టారమ్మా, కాదన్నానా," అంటూ కళ్లు తుడుచుకుంది. నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. "అయితే అది నా దీపం కాదు. అది మా లూదెక్‌ది."

అలా తెలిసింది నాకు. లూదెక్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదేళ్ల వయసులో, ఎండాకాలం సెలవుల్లో, విస్తులా నదిలో పోయాడు. చెప్పులు ఒడ్డున దొరికాయి, వాడు దొరకలేదు. సమాధి కట్టడానికి ఏమీ లేకపోయింది. సమాధి లేనివాళ్లకు శ్మశానం మధ్యలో ఉన్న పెద్ద సిలువ కిందే అందరూ దీపాలు పెడతారు. ముప్పై ఏళ్లకు పైగా ఆవిడా అక్కడే పెడుతోంది.

"అక్కడ వందల దీపాలమ్మా. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. గాలొస్తే మొదట ఆరేది నాదే," అంది.

గేమ్ చేస్తున్నప్పుడు దయ్యానికి గొంతివ్వాల్సిన నటికి జ్వరం వచ్చిందట. ఎవరో గొడుగు మర్చిపోతే ఒతీలియా మెట్ల మీద నుంచి పిలిచిన పిలుపు నేలమాళిగలో వినపడింది. కథ రాసే సెవెరిన్ అనే అతను పరుగెత్తుకొచ్చి బతిమాలాడు. కాగితం మీద పిల్లాడి పేరు ఇంకేదో ఉంది. మైకు ముందు నిలబడేసరికి ఆవిడ నోట తన కొడుకు పేరే వచ్చింది. రెండుసార్లు పిలిచి, ఇక నావల్ల కాదని బయటికొచ్చేసింది. గేమ్ అంత పేరు తెచ్చుకున్నాక ఆ సెవెరిన్ మళ్లీ వచ్చి మీకేం కావాలో అడగండి అంటే, నీళ్ల పక్కన ఒక దీపం పెట్టమంది. గాలికి ఆరనిది. ఎవరిదో మాత్రం ఎవరికీ చెప్పొద్దంది.

"మరి ఇప్పుడు అందరికీ చెప్తాను, మీరు బతికే ఉన్నారని," అన్నాను.

"నోరు మూసుకో. చచ్చాననే అనుకోనీ. బతికున్నానంటే, దీపం మరెవరిదని అడగరూ?" అని, కాసేపాగి అడిగింది. "ఇందాక ఏదో అన్నావే, ముందు జరిగింది తర్వాత చెప్తారని. అంటే ఈ కొత్త దాంట్లో వాడు ఉంటాడా?"

"ఉంటాడండీ. బతికే ఉంటాడు."

లోపల చప్పట్లు మోగాయి. ఆవిడ లేచి కోట్లు సర్దడం మొదలుపెట్టింది.

అసలు విషయం నాకు తర్వాత తెలిసింది. వార్సా నుంచి ఒక అమ్మాయి అప్పటికే ఫోన్ చేసింది. మీరు రానక్కర్లేదు, ఊఁ అంటే చాలు, పాత గొంతునుంచి మెషీన్ తయారుచేస్తుంది అని. ఒతీలియా ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. సెవెరిన్ స్వయంగా వస్తానన్నాడు. ఆ ఆదివారం నన్నూ ఇంటికి రమ్మంది. "ఆ కుర్రాడు గేమ్ భాషలో మాట్లాడతాడు, నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒకరుండాలి," అంది. అది సాకు అని ఇద్దరికీ తెలుసు.

నది అవతలి ఒడ్డున పాత అపార్టుమెంట్లలో మూడో అంతస్తు. లూదెక్ పోయిన రెండో ఏడు భర్త ఇక ఈ నదిని చూడలేనని ఎక్కడికో వెళ్లిపోయాడు. దగ్గర్లో ఉన్న మిల్లు మూతపడింది. చుట్టుపక్కలవాళ్లు సగం మంది మారిపోయారు. ఒతీలియా మాత్రం కదల్లేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడే చెప్పింది. "వాడొస్తే ఏ ఇంటికని వెతుక్కుంటాడు?" ఏ ఉప్పో పప్పో అయిపోయిందన్నంత మామూలుగా అంది.

వంటింటి కిటికీ రెక్కలు పెయింటుతో అతుక్కుపోయి ఉన్నాయి. కావాలనే పదేపదే పెయింటు వేసినట్టుంది. అవతల విల్లో పొదలు, పొదల వెనక నీళ్లు. మా ఇళ్లల్లో తల్లులందరూ కిటికీలోంచే పిల్లల్ని పిలుస్తారు. ఆ కిటికీ ఎందుకు తెరుచుకోదో తెలుసుకోవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

సెవెరిన్ కేకు పట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, జుట్టు పలచబడింది. ఫోరంలో అతణ్ణి ఎన్ని తిట్టానో గుర్తొచ్చి తల దించుకుని టీ పోశాను.

"మెషీన్ వద్దని నేనే కొట్లాడుతున్నానండీ," అన్నాడు. "దాని దగ్గర మీ రెండు పిలుపులే ఉన్నాయి. అవి పోయినవాణ్ణి పిలిచే పిలుపులు. ఎన్నిసార్లు చేయించినా అది ఏడుస్తుంది. బతికున్న పిల్లాణ్ణి ఎవరైనా అలా పిలుస్తారా?"

"పిలవరు," అంది ఒతీలియా. "తిడతారు."

"అదే. ఒక్క పిలుపు చాలు. సాయంత్రం అన్నానికి పిలవడం. మీకు కష్టమైతే వద్దు. ఆ సీనే తీసేస్తాను. ఏదో ఒకటి రాసుకుంటాను."

"ఆఖర్న ఏమవుతుంది?"

సెవెరిన్ నా వంక చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు కోసం మా ఫోరంలో జనం చొక్కాలు చింపుకుంటున్నారు. అతను తటపటాయించి చెప్పేశాడు.

"వాడు పోయేది చూపించం. దానికి ముందురోజు సాయంత్రంతో గేమ్ అయిపోతుంది. మీరు పిలుస్తారు, వాడు ఇంటికొస్తాడు, తలుపు మూసుకుంటుంది. అంతే. కాని ఆడేవాళ్లందరికీ మర్నాడు ఏమవుతుందో తెలుసండీ. దాన్ని నేను మార్చలేను."

"తెలిస్తే తెలియనీ," అంది ఒతీలియా. "నాకూ తెలుసుగా. ఆ సాయంత్రం వస్తాడంటున్నావు కదా?"

"వస్తాడు."

"అయితే పిలుస్తాను." టీ కప్పు ఎత్తింది కాని తాగలేదు. "పిలవగలిగితే."

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఆ పేరు గట్టిగా పలకలేదు, నేలమాళిగలో ఆ రెండుసార్లు తప్ప. వెళ్లి పిలవలేకపోతే? పిలిచాక ఇంటికొచ్చి ఆ మూసిన కిటికీ ముందు ఒక్కతే కూర్చుంటే? సెవెరిన్ మీద నాకు కోపం వచ్చింది. గేమ్ మీద వచ్చింది. పిచ్చిగా ఎదురుచూస్తున్న నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

రికార్డింగ్ ఆ పాత నేలమాళిగలోనే పెట్టించుకుంది. వార్సా రానంది. ఆదివారం మధ్యాహ్నం, పైన ఆటలేవీ లేవు, హాలుకు తాళం. సెవెరిన్, రికార్డింగ్ చూసే అమ్మాయి ఒకతె, నేను. ఒతీలియా మైకు ముందు నిలబడి పిలిచింది.

"లూదె-ఏక్!"

దయ్యమే. అవతలి ఒడ్డున నిలబడ్డ అదే దయ్యం. రికార్డింగ్ అమ్మాయి చేతులు రుద్దుకుంది.

"ఒతీలియా గారూ," అన్నాడు సెవెరిన్ మెల్లిగా, "వాడు బతికే ఉన్నాడండీ."

"నాకు తెలుసయ్యా. గొంతుకు తెలీటం లేదు."

ఇంకోసారి ప్రయత్నించింది, అదే. ఇంకోసారి, ఇంకా ఘోరం. చివరికి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేసింది. "ఇలా బొమ్మలా నిలబడి ఎవరైనా పిల్లల్ని పిలుస్తారా? చేతిలో పనుండాలి. అమ్మాయ్, నీ కోటు ఇటివ్వు." నా కోటు తాడు తాను కుట్టిందే, ఊడలేదు. కత్తెర పెట్టి తనే తెంపేసింది. బ్యాగులోంచి సూదీ దారం తీసి కుర్చీలో కూర్చుంది. ఎక్కించి, ముడేసి, కుట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, సూది ఆపకుండా, విసుగ్గా అరిచింది.

"లూదెక్! లోపలికి రా! అట్లు చల్లారిపోతాయ్!"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. బంగాళాదుంప అట్లు వేస్తూ కిటికీలోంచి అరిచే మామూలు తల్లి. మా అమ్మ, మీ అమ్మ, ఎవరైనా. కాసేపు కుట్టుకుంది. మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా.

"లూదెక్! నీకే చెప్పేది!"

సూది ఆగిపోయింది.

సెవెరిన్‌కు ఒక్క పిలుపే కావాలి, అది దొరికేసింది. అయినా ఆపమని చెయ్యెత్తలేదు. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. ఒతీలియా కోటు వంక చూస్తూ మాట్లాడింది, మాతో కాదు.

"వాడెప్పుడూ మూడోసారికే వచ్చేవాడు. మొదటిసారి వినపడనట్టు ఉండేవాడు. రెండోసారికి ఒక్క నిమిషం అనేవాడు. మూడోసారికి పరుగెత్తుకొచ్చేవాడు, ఎప్పుడూ అంతే. ఆ రోజు రెండుసార్లు పిలిచాను. పెనం మీద అట్టు మాడుతోంది. దాన్ని తిరగేద్దామని వెళ్లాను. ఇంకోటి వేశాను. వస్తాడులే అనుకున్నాను. తిరిగి కిటికీ దగ్గరికొచ్చేసరికి ఒడ్డున లేడు."

ఫోరంలో ఏళ్ల తరబడి కొట్టుకున్న 'రెండేసార్లు ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు అదీ. అది విన్నాక ఆ యుద్ధాలన్నీ తలచుకుంటే సిగ్గేసింది.

"చాలండీ," అన్నాడు సెవెరిన్. "ఇంటికెళ్దాం."

ఒతీలియా వినలేదు. సూది కోటుకు గుచ్చి, లేచి నిలబడింది. నేలమాళిగ గోడలో కిటికీ లేదు. అయినా అక్కడ కిటికీ ఉన్నట్టే ఒకవైపు తిరిగి, మునివేళ్ల మీద లేచి, ఊపిరి తీసుకుని పిలిచింది.

"లూదె-ఏక్!"

పైకి లేచింది, చీలింది, నీళ్ల మీదుగా సాగిపోయింది. కోపం లేదు, ఏడుపూ లేదు. వస్తాడన్న నమ్మకంతో పిలిచిన పిలుపు. పైన హాల్లో ఎక్కడో ఒక తలుపు చప్పుడైంది. కాపలా మనిషి అయి ఉంటాడని అనుకున్నాం. ఎవరం పైకెళ్లి చూడలేదు.

ఏడాది తర్వాత, అక్టోబరు చివర్లో ప్రీక్వెల్ వచ్చింది. అనుమానపడ్డవాళ్ల అనుమానాలు కొన్ని నిజమయ్యాయి. కత్తియుద్ధాలు నిజంగానే పసిపిల్లలు ఆడేలా ఉన్నాయి. ఏదో లోపం వల్ల ఒక గుర్రం చెరువులోంచి గాల్లోకి ఎగిరిపోతోంది. రేవులో ఎర్రదీపం లేదు, ఇంకా అవసరం రాలేదు కనక. కొందరికి అది కూడా నచ్చలేదు. కాని గొంతు దగ్గర మాత్రం అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఇది మెషీన్ కాదు, ఆవిడ బతికే ఉంది అని ఎవరో రాశారు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. "చివరి సీన్‌లో లోపం ఉంది. తల్లి పిలుస్తుంది, పిల్లాడు కదలడు. మళ్లీ పిలుస్తుంది, అయినా కదలడు. ఆట ఆగిపోయింది. వెంటనే సరిచేయండి." రాసింది చేపముల్లే. కింద వందలమంది, మాకూ అంతే, మాకూ అంతే. రెండో పిలుపు తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. పెనం మీద అట్టు తిరగేసి ఇంకోటి వేసేంత సేపు. జనం అంతసేపు ఓపిక పట్టలేక గేమ్ మూసేసి పోతున్నారు. ఆ విరామం తగ్గించమని కంపెనీ సెవెరిన్ పీకల మీద కూర్చుందట. వాడు ససేమిరా అన్నాడు.

నేను ఒతీలియాకు మాటిచ్చాను కాబట్టి ఏమీ చెప్పలేను. ఒక్క ముక్క రాశాను. "ఎక్కడికీ పోకండి. మూడోసారికి వస్తాడు." మర్నాడు చేపముల్లు దాని కింద ఒకే మాట రాశాడు. "వచ్చాడు." ఆ రోజు వాడు ఇంకెవర్నీ తిట్టలేదు.

నవంబరు ఒకటిన ఒతీలియాతో కలిసి శ్మశానానికి వెళ్లాను. పెద్ద సిలువ కింద వందల దీపాల మధ్య ఆవిడా ఒకటి పెట్టింది. గాలికి ఆరిపోయింది, మళ్లీ వెలిగించింది. ఎవరెవరో తోసుకుంటూ వచ్చి తమ దీపాలు పెట్టిపోతున్నారు. వాళ్లలో మావాళ్లు ఎంతమంది ఉన్నారో, ఆ సాయంత్రం ఏ రేవులో దీపాలు పెట్టబోతున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంది, "నీ కంప్యూటరు తెచ్చావా?"

ఇంటికి చేరి కోటు విప్పానో లేదో బంగాళాదుంపలు తురమడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ అట్లు వేయలేదని నాకు తెలుసు. పొగ నిండితే ఒక చాకు తీసుకుని కిటికీ పెయింటు గీకింది. రెక్క కిర్రుమని కాస్త తెరుచుకుంది. నది చల్లగాలి వంటింట్లోకి వచ్చింది. మూడు ప్లేట్లు పెట్టింది. నేను లెక్క తప్పిందని చెప్పలేదు.

కంప్యూటరు బల్లమీద పెట్టి చివరి సాయంత్రం దగ్గర తెరిచాను. ఎండ దిగుతోంది. ఒడ్డున పిల్లాడు, వీపు మనవైపు, నీళ్లలోకి రాళ్లు విసురుతున్నాడు. తెరలోంచి ఒతీలియా గొంతు వచ్చింది.

"లూదెక్! లోపలికి రా! అట్లు చల్లారిపోతాయ్!"

పిల్లాడు రాయి విసిరాడు. ఆవిడ చేతిలో అట్లకాడ కదల్లేదు.

"లూదెక్! నీకే చెప్పేది!"

"ఒక్క నిమిషం!" అన్నాడు పిల్లాడు. ఇంకో రాయి వెతుక్కున్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. నీళ్ల చప్పుడు, పెనం చిటపట, కిటికీలోంచి అసలు నది. పొయ్యి మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. నేను లేవబోతే ఒతీలియా నా భుజం మీద చెయ్యేసి ఆపింది.

"మాడనీ," అంది.

మూడో పిలుపు వచ్చేముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం విన్నాను. తెరలోంచీ, నా వెనక నుంచీ ఒకేసారి వినిపించింది.

"లూదె-ఏక్!"

పిల్లాడు రాయి పడేశాడు. లేచి, చేతులు నిక్కరుకు తుడుచుకుని, "వస్తున్నానమ్మా!" అని అరుస్తూ గట్టెక్కి పరుగెత్తాడు. ఎండలో వాడి నీడ వాడి ముందు పరుగెత్తింది. ఇంటి మెట్లెక్కాడు, లోపలికెళ్లాడు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించి, తెర నల్లబడింది.

ఒతీలియా తెర వంక చూడటం లేదు. తన ఇంటి తలుపు వంక చూస్తోంది. నేనూ తలుపు వంక చూశాను.